తల్లిలేని గద్దపిల్లలు

గద్ద యనగానే మనలో ననేకులకు గౌరవభావము కలుగదు. గరుడపక్షి కనబడినచో చెంపలు వేసికొనువారు నేటికిని గలరు. జటాయువు కథ విని కంట తడిపెట్టువారు గలరు. డేగకు రాజుల ముంజేతిమీద పీట దొరకెను. సాళువ యను వేటపక్షి పేరు విజయనగరము నేలిన యొక రాజవంశమునకే పేరై నిలిచెను. పాపము, గద్దకు మాత్రము దొంగ యను పేరొక్కటే మిగిలినది. ఏ వస్తువునైన నెవడైన లాగుకొనిపోయిన గద్దవలె తన్నుకొనిపోయెనందుము. హైదరాబాదులో దీనిని చీల్ అని పిలుతురు. తోక చివర చీలియుండుటచే ఆ పేరు వచ్చినదని మా మిత్రుడొకడు గట్టిగా వాదించుచుండును. తోక చీలియుండుట నిజమే. ఎగురుచున్న పక్షిని గద్ద యని గుర్తించుటకు అదియే మంచి యానవాలు. కాని ఆ మాట సంస్కృతములోని చిల్ల శబ్దమునుండి వచ్చినది. మన చీలుటతో దానికి చుట్టరికము లేదు. ఇప్పటి పిల్లలు వంకరముక్కు పక్షి ఏది కనబడినను ఈగిల్ అనుచున్నారు. నేను చెప్పబోవునది ఆ ఈగిల్ కాదు, గరుడుడును కాడు. దినదినము మన మేడలమీద గిరికీలు కొట్టు గోధుమరంగు గద్దయే. దాని పిల్లలకు తల్లి పోయినపుడు మనుష్యుడేమి చేయవచ్చును, ఏమి చేయరాదు అనునది నేటి ప్రసంగవిషయము.

నేను పశువైద్యశాఖలో పనిచేసి విరమించినవాడను. మా నివాసము చెంగిచెర్ల. ఉప్పలునుండి వరంగల్లు బాట పట్టి, బోడుప్పలు దగ్గర ఎడమవైపునకు మరలిన వచ్చును. ఒకప్పుడు పల్లె, ఇప్పుడు పట్టణము వచ్చి దానిని కలుపుకొన్నది. అచ్చట పురపాలకుల కబేళా కలదు. మాంసమును గూర్చి పరిశోధన చేయు కేంద్రప్రభుత్వ సంస్థయు కలదు. రక్షిత మైన యడవియు కొంత మిగిలియున్నది. పడమట నాచారము కార్ఖానాల వైపునకు పోయిన, ఎత్తైన విద్యుత్ స్తంభములు వరుసగా నిలిచియుండును. తినుటకు కబేళా, వాలుటకు స్తంభములు, గూటికి చెట్లు: గద్దకు ఇంతకంటె కావలసిన దేమున్నది? ఉదయము పది గంటలవేళ, గాలి వెచ్చబడిన పిదప, మా డాబామీద నిలిచి లెక్కింప మొదలిడిన లెక్క తప్పిపోవును.

ఢిల్లీ గద్దలను శాస్త్రజ్ఞులు చాల యేండ్లుగా పరిశీలించుచున్నారు. మాంసపు దుకాణములు, చెత్తకుప్పలు, పుణ్యముకొరకు జనులు గాలిలోని కెగురవేయు మాంసపు తునకలు సమృద్ధిగా నున్న పేటలలోనే గూళ్లు దట్టముగా నున్నవని వారు కనుగొనిరి. చలికాలమున మధ్యాసియానుండి హిమాలయములు దాటి మరియొక తెగ గద్దలు వచ్చి వీనితో కలియుననియు తేలినది. మా చెంగిచెర్లకు అట్టి పరిశోధకు లెవరు వచ్చిరో నేనెరుగను గాని, గూళ్లు దగ్గరదగ్గరగా నుండుట మాత్రము నా కన్నులు చూచినదే. ఈ సంగతిని మరువకుడు. తరువాత మనకు పనికివచ్చును.

మన ప్రాంతమున గద్దలు చలికాలమున గూడు కట్ట మొదలిడి, వానలు పడకముందే పిల్లలను ఎగురనేర్పి పంపివేయును. గూడు చూచుట కందమైనది కాదు. పుల్లలు, తీగముక్కలు, గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు, దొరకినవన్నియు నందుండును. స్పెయిన్ దేశమున ఈ జాతి గద్దలు తెల్లని ప్లాస్టిక్ ముక్కలను ఏరి తెచ్చి గూటిలో నలంకరించుననియు, బలముగల జంట ఎక్కువగాను, బలహీనమైన జంట తక్కువగాను అలంకరించుననియు 2011లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి కలదు. మనము ఇంటి ముంగిట మోటారుబండి నిలుపుటవంటిదే కాబోలు. గ్రుడ్లు రెండో మూడో. పొదుగు కాలము ముప్పది మొదలు ముప్పదినాలుగు దినములు. పిల్లలు ఆరు మొదలు ఎనిమిది వారములు గూటనుండును. ఎగిరిన పిదపకూడ రెండువారములు మొదలు ఏడువారములదాక తలిదండ్రులే మేత పెట్టుదురు.

ఈ లెక్కను సంక్రాంతి పండుగ ప్రక్కన పెట్టి చూడుడు. జనవరి నడుమ మన నగరమంతయు పతంగు లెగురవేయును. గద్ద గ్రుడ్లమీద కూర్చుండు కాలమదియే. ఇంగ్లీషువారు పతంగిని, గద్దను ఒకటే పేరున కైట్ అని పిలుతురు. ఆ పేరుపొత్తులో నొకటి రెండవదాని ప్రాణము తీయుచున్నది. గాజుపొడి పూసిన నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017లో దేశమంతట నిషేధించినది. నిషేధము కాగితముమీద నున్నది, దారము చెట్టుమీద నున్నది. నూలుదారము ఒక వానకాలమునకు చివికిపోవును; నైలాను చివుకదు. పండుగ ముగిసిన నెలకును, ఆరునెలలకును ఆ దారము పక్షి రెక్కను పట్టును. కావుననే మాంజా గాయములు సంక్రాంతి మూడు దినములతో ముగియవు.

ఒక పెద్దపక్షి చచ్చిన, దానితో పోవువి ఎన్ని? ఇచ్చట గద్దల కాపురమును కొంత తెలిసికొనవలెను. గ్రుడ్లు పొదుగుట, క్రొత్త పిల్లలను రెక్కలక్రింద దాచి కాచుట, మాంసమును చిన్నచిన్న తునకలుగా చీల్చి నోటికందించుట ఎక్కువ భాగము తల్లి పని. మేత తెచ్చుట తండ్రి పని. కావున తండ్రి పోయిన తల్లికి కష్టము పెరుగును గాని, కబేళా వంటిచోట మేత దగ్గరలో నున్నందున ఆమె నెట్టుకొని రాగలదు. పిల్లలకు ఈకలు వచ్చి, ముక్కుతో తామే చీల్చుకొను వయస్సు, అనగా నాలుగవ వారము దాటిన పిమ్మట తల్లి పోయినను భయము తక్కువ. తండ్రి తెచ్చి గూటిలో పడవేసినదానిని అవి తినగలవు. తల్లి పోయి, పిల్లలింకను నూగుతో నున్నచో మాత్రము సంగతి వేరు. తండ్రి మేత తెచ్చును, గూటి యంచున పెట్టును, పిలుచును, మరల పోవును. పిల్లలు నోరు తెరచుకొని యుండును. మేత ఎదుట నుండగనే ఆకలితో చచ్చును.

కావున గద్దపిల్లను చేతికెత్తుకొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు రెండు. పోయినది తల్లియా, తండ్రియా? పిల్లల వయస్సెంత? ఈ రెంటికిని సమాధానము తెలియక దయ చూపువాడు వినతవంటివాడు. వినత కథ మీరెరిగినదే. సవతి గ్రుడ్లు ముందు పగిలెనని ఓర్వలేక ఆమె తన గ్రుడ్డు నొకదానిని చిదిపెను. అందుండి తొడలులేని అనూరుడు పుట్టెను. రెండవ గ్రుడ్డును తాకక వేచియుండగా దానినుండి గరుత్మంతుడు పుట్టెను. ఏప్రిలు, మే నెలలలో ఎందరో దయాళువులు నేలమీద కూర్చున్న గద్దపిల్లను బుట్టలో పెట్టుకొని వైద్యులయొద్దకు వత్తురు. అది యనాథ కాదు. ఎగురనేర్చుకొనుచు కొమ్మమీదనుండి జారిన పిల్ల. దాని తలిదండ్రులు ఎదుటి మేడమీద కూర్చుండి చూచుచునే యుందురు. కుక్కలు, పిల్లులు అందుకొనని గోడమీదనో కొమ్మమీదనో దానిని ఉంచి తొలగిపోవుటయే దానికి చేయవలసిన సేవ.

2019 ఫిబ్రవరి నడుమ మా వీధిలో జరిగినది ఇట్టిది కాదు. కబేళాకు పోవు త్రోవలో ఒక పెద్ద రావిచెట్టు కలదు. తెల్లవారునప్పటికి ఒక గద్ద మాంజాకు రెక్క తగులుకొని కొమ్మనుండి వ్రేలాడుచు చచ్చియుండెను. దించి చూడగా పొట్టమీద ఈకలు రాలి చర్మము బయలుపడియున్నది. పొదిగిన పక్షి గుర్తు అది. ఆకారమును పెద్దది. ఈ జాతియందు ఆడుపక్షియే కొంచెము పెద్దది. అదే చెట్టున గూడున్నది. ఎదుటి యింటి రెండవ అంతస్తునుండి దుర్భిణితో చూచితిని. రెండు పిల్లలు, ఒకటి కొంచెము పెద్దది, రెండవది చిన్నది. ఒడలంతయు లేత గోధుమరంగు నూగు. పది దినముల పిల్లలని యంచనా వేసితిని. మధ్యాహ్నమువరకు అచ్చటనే కూర్చుంటిని. తండ్రి మూడు పర్యాయములు వచ్చెను. మూడు పర్యాయములును నేను పైన చెప్పినట్లే జరిగెను. మూడవసారి చిన్నపిల్ల నోరుకూడ తెరువలేదు.

గద్ద 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షితమైన పక్షి. ఎవరికిని దానిని ఇంట పెంచుకొను హక్కు లేదు. చేత చిక్కినచో 48 గంటలలోగా అధికారులకు తెలుపవలెనని ఆ చట్టమందే యున్నది. అటవీశాఖవారికి తెలిపితిని. సాయంకాలమునకు చెట్లెక్కుట నేర్చిన స్వచ్ఛందసేవకులతో వారు వచ్చి పిల్లలను దింపిరి. వైద్యుడను గనుకను, దగ్గరనే యున్నవాడను గనుకను, వ్రాతమూలకమైన అనుమతితో వానిని నాయొద్దనే యుంచిరి. మా పొరుగున కోళ్లు పెంచుకొను అవ్వ యొకతె కలదు. ఆమె బుట్టలోనికి తొంగిచూచి, “దొంగగద్ద పిల్లలను సాదుతవా డాక్టరు సారూ? రేపు రెక్కలొస్తే నా కోడిపిల్లలనే ఎత్తుకపోతయి” అనెను. కోడికి పిల్లలున్నట్లే గద్దకును పిల్లలుండవా అవ్వా అంటిని. “ఉంటే? వాటి తిప్పలు అవి పడ్తయి” అని వెడలిపోయెను. సాదుట యనగా మా వైపున పెంచుట. పెంచుటకంటె ఆ మాటలో శ్రమ యెక్కువ వినబడును.

చల్లబడిన పక్షిపిల్లకు మొదట పెట్టవలసినది మేత కాదు, వెచ్చదనము. ఒడలు చల్లగా నున్నప్పుడు మేత అరుగదు, లోపలనే క్రుళ్లును. అట్టపెట్టెలో పాత తువ్వాలు చుట్టగా చుట్టి గూటివలె చేసి, ప్రక్కన వేడినీళ్ల సీసా నుంచితిమి. వెచ్చదనము చాలినదో లేదో ఉష్ణమాపకముకంటె పిల్లలే బాగుగా చెప్పును. చలి వేసిన రెండును ముడుచుకొని ఒకదానిపై నొకటి పడును; ఉక్క యైన దూరముగా జరిగి నోరు తెరచి రొప్పును. రెండు గంటలకు చిన్నది తల యెత్తెను. అప్పుడు మేత.

ఈ మేత విషయమున మన జనులు చేయు అపచారము చాల గలదు గనుక కొంచెము నిదానముగా చెప్పెదను. పాలు, రొట్టె, అన్నము గద్దపిల్లకు విషప్రాయములు. నోటిలో నీళ్లు పోయరాదు; శ్వాసనాళములో దిగి చచ్చును. దానికి కావలసిన తడి మాంసములోనే యుండును. ఇంతవరకు అనేకు లెరుగుదురు. ఎరుగనిది ఒకటి కలదు. ఎముక లేని మెత్తని మాంసము, అంగడిలో మనము మెచ్చి కొనునట్టిది, గద్దపిల్లను చంపును. వట్టి కండలో ఫాస్ఫరసు ఎక్కువ, క్యాల్షియము మిక్కిలి తక్కువ. పెరుగుచున్న పిల్ల ఎముకలకు సున్నము దొరకక తన యెముకలనుండియే తీసికొనును. మూడు వారములలో కాళ్లు విల్లువలె వంగును, రెక్క యెముక పుల్లవలె విరుగును. గద్ద తన పిల్లలకు ఎలుకనో పక్షినో తెచ్చినప్పుడు ఎముకతోనే పెట్టును. కావున మేమును ఎముకతో, పేగులతో, మొత్తముగా కొట్టిన మేతనే పెట్టవలెను. హైదరాబాదు చుట్టుపట్ల కోళ్ల పరిశ్రమ విస్తారముగా నున్నది. గ్రుడ్లకొరకు పొదిగించు చోట మగపిల్లలు పనికిరానివని మొదటి దినమే తీసివేయుదురు. అట్టివానిని, అప్పుడప్పుడు కౌజుపిట్టలను తెచ్చి, సన్నగా కొట్టి పెట్టితిమి. గొంతు క్రింద నుండు ఆహారపు సంచి ఉబ్బినంతనే ఆపి, అది ఖాళీయైన పిదపనే మరల పెట్టితిమి. పావురములను మాత్రము పెట్టలేదు. పావురముల నోట నుండు ట్రైకొమోనాసు అను సూక్ష్మజీవి వేటపక్షుల గొంతులో పుండై, మ్రింగనీయక చంపును.

మూడవనాడు మన అవ్వ వచ్చి, రాత్రి చచ్చిన తన కోడిపిల్లను కాగితములో చుట్టి నా చేతిలో పెట్టి, “గిది గూడ పెట్టు” అనెను. కోపముతో వెళ్లిన మనిషి. నేను దానిని పూడ్చిపెట్టించితిని. ఏ రోగమున చచ్చినదో తెలియని కోడిని పక్షులకు పెట్టరాదు; రాణీఖేతు తెగులొక్కటి చాలును. ఆమెకీ సంగతి చెప్పలేదు.

ఒక ప్రాణిని బ్రతికించుటకు మరియొక ప్రాణిని పెట్టుట న్యాయమా యని అడుగువారు గలరు. ఢిల్లీలో నదీమ్ షెహ్‌జాద్, మొహమ్మద్ సౌద్ అను అన్నదమ్ములు గలరు. వారు మొట్టమొదట గాయపడిన గద్దను ఒక పక్షివైద్యశాలకు కొనిపోగా, మాంసాహారి యని దానిని చేర్చుకొనలేదట. ఆ పిమ్మట ఆ సోదరులే 2010లో ఒక సంస్థ నేర్పరచి, తమ యింటి నేలమాళిగలో వేలకొలది గద్దలకు చికిత్స చేసిరి. వారిని గూర్చి శౌనక్ సేన్ తీసిన చిత్రమునకు 2022లో కాన్ నగరమున బహుమానము వచ్చినది. నాకు తోచిన సమాధానము అరణ్యపర్వముననే యున్నది. పావురమును కాపాడుటకు రాజు తన తొడ కోసి యిచ్చిన కథను మనము మెచ్చుకొందుము. అందు డేగ ఏమని వాదించెనో మరచితిమి. నా మేతను నీవు లాగుకొన్నచో నేను చత్తును, నాతో నా ఆలుబిడ్డలు చత్తురు, ఒకదానిని కాచి పలువురను చంపుట ధర్మమా యని అది యడిగెను. రాజు ఆ మాటను త్రోసివేయలేదు. త్రోసివేయలేకనే తన మాంసము నిచ్చెను.

మేతకంటె కష్టమైనది మరియొకటి కలదు: కనబడకుండుట. పక్షిపిల్ల కన్నులు తెరచి తనకు మేత పెట్టువానినే తన జాతిగా నెంచుకొనును. బాతుపిల్లలయందు ఈ సంగతిని కాన్రాడ్ లోరెంజ్ అను ఆస్ట్రియా పండితుడు 1935లో విపులముగా వ్రాసెను. 1973లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. బాతుల విషయమున అది ముచ్చటగా నుండును. మనుష్యుని తల్లి యనుకొన్న గద్ద పెద్దదై వీధిలో పోవు పసిపిల్ల చేతిలోని తినుబండారముకొరకు వాలును. జనులు రాళ్లతో కొట్టి చంపుదురు. అమెరికాలో కాండరు అను పెద్ద రాబందుల జాతి 1982 నాటికి 22 పక్షులకు దిగజారగా, పిల్లలను పొదిగించి, కాండరు తలవంటి తోలుబొమ్మను చేతికి తొడిగికొని మేత పెట్టి పెంచిరి. నేనును గోధుమరంగు గుడ్డను చేతికి చుట్టి, ముక్కువలె చిన్న పటకారు బయటకు వచ్చునట్లు చేసి, తెరలోని రంధ్రము గుండ మేత నందించితిని. ఆ గదిలో మాటలాడరాదని ఇంటివారి కాజ్ఞ. మా ఇల్లాలికి ఇది దుస్సహమయ్యెను. పసివాండ్రకు అన్నము పెట్టుచు మాటలాడకుండుట ఎట్లండీ అని యడిగెను. అది సహజమైన ప్రశ్న. ఆమె తలుపు వెలుపల నిలిచి వినుచుండెడిది.

ఒక వారము గడచెను. రావిచెట్టునకు కొంతదూరములో నీలగిరిచెట్టుమీద మరియొక గూడున్నది. అందు ఒకటే పిల్ల, మా పెద్దదాని యీడుది. గద్దలు పిల్లలను లెక్కపెట్టుకొనవు. తగిన వయస్సు పిల్లను గూటిలో నుంచిన తమదిగానే సాకును. ఎట్టి బొమ్మయు నిజమైన తల్లికి సాటిరాదు గనుక అచ్చటికి పంపుటయే మేలు. కాని ఎవరిని? రెంటిని పంపిన మూడగును. చిన్నది మిగిలిన రెంటికంటె బలహీనము, తోబుట్టువులే పొడిచి చంపుట ఈ జాతిలో కలదు. పెద్దదానిని మాత్రము పంపిన చిన్నది ఒంటరి యగును. ఒంటరిగా పెరిగిన పిల్ల మనుష్యునకు మరగుట మరింత సులువు. అటవీశాఖవారును నేనును రెండు దినములు తర్జనభర్జన చేసితిమి. చివరకు పెద్దదానిని ఆ గూటికి చేర్చిరి. మరునాటి ఉదయము దుర్భిణిలో చూచితిని: తల్లి రెండు నోళ్లకును మార్చిమార్చి పెట్టుచున్నది. ఆ గూటిని గూర్చి ఇక చెప్పవలసినది లేదు. అన్నియు అవే చూచుకొన్నవి.

చిన్నదానికి తోడు నాచారమునుండి వచ్చెను. ఒక విద్యుత్ స్తంభముమీది గూడు పడిపోగా దొరకిన పిల్ల. దొరకిన యింటివారు మంచివారు. రెండు వారములు ప్రేమతో పెంచి, అది నిలువలేకపోవుచున్నదని తెలిసి అధికారుల కప్పగించిరి. ఏమి పెట్టిరని యడుగగా, మంచి మాంసమే, ఒక్క ఎముక లేకుండ కోయించి పెట్టితిమని చెప్పిరి. కాళ్లు వంగియున్నవి. క్యాల్షియము, ఎండ, ఎముకతో కూడిన మేత అన్నియు నిచ్చితిమి. క్రొత్తగా వంగుట ఆగినది. వంగినది మాత్రము సరికాలేదు. అయినను చిన్నదానికి అది గద్ద యన నెట్లుండునో చూపెను. రెండును ప్రక్కప్రక్కన కూర్చుండి నన్ను చూచి ముక్కు చాచి బుసకొట్టుట మొదలిడినవి. నాకు కలిగిన సంతోష మింతంత కాదు. మా ఇంటిలో నెవరికిని అది అర్థము కాలేదు.

పెంచిన పక్షిని విడుచుటకు పాతకాలపు వేటగాండ్రు కనిపెట్టిన పద్ధతి యొకటి కలదు. ఎగురు వయస్సు వచ్చిన పిల్లలను ఎత్తైన చోట నుంచి, అచ్చటనుండి చుట్టుపట్ల నంతయు చూచునట్లు చేసి, తలుపు తీసి, ఎగిరిన పిదపకూడ అదేచోట ప్రతిదినము మేత పెట్టుచుందురు. తలిదండ్రులు ఎగిరిన పిల్లకు కొన్ని వారములు పెట్టుట కిది బదులు. స్కాట్లండులో సముద్రపు డేగలు నశింపగా, 1975 మొదలు 1985 వరకు నార్వే గూళ్లనుండి 82 పిల్లలను తెచ్చి రమ్ అను ద్వీపమున ఈ విధముగనే విడిచిరి. 1985లో స్కాట్లండున స్వేచ్ఛగా పుట్టిన మొదటి పిల్ల యెగిరెను. మన గద్దకు దాయాది యగు ఎఱ్ఱగద్దను స్పెయిన్ నుండి తెచ్చి ఇంగ్లండులో మరల నెలకొల్పినదియు ఇట్లే. మా డాబామీద చెక్కపెట్టె యొకటి కట్టించి, ముందు వైపు కమ్ములు వేయించి, మార్చి చివర రెంటిని అందుంచితిమి. మేత వెనుకవైపు గొట్టముగుండ చీకటితో జారవిడుచుచుంటిమి. కబేళామీద తిరుగు పెద్ద గద్దలను అవి పగలంతయు చూచెను.

ఏప్రిలు మొదటివారమున కమ్ములు తీసితిమి. చిన్నది ఆ దినమంతయు పెట్టె యంచున కూర్చుండెను. రెండవనాడు మధ్యాహ్నము గాలి లేచినపుడు రెక్కలు విప్పెను. గాలియే దానిని తీసికొనిపోయినది. ఎదుటి నీళ్లట్యాంకుమీద మిక్కిలి అసహ్యముగా వాలెను. సాయంకాలము తిరిగి వచ్చి మేత తినెను. నాచారము పిల్ల అంచుదాక వచ్చి, వంగిన కాళ్లతో నిలువలేక, లోపలికి పోయెను. దానిని అటవీశాఖవారే తీసికొనిపోయి పంజరమున సంరక్షించిరి. బ్రతికినది, ఎగురలేదు. రెండు వారముల మెత్తని మాంసము చేసినది అంతటిది.

మే నెల నడుమవరకు చిన్నది దినదినము వచ్చెను. పిదప దినము విడిచి దినము. జూను మొదటి వానకు పెట్టెలోని మేత అట్లే యుండిపోయెను. తరువాత నేను పెట్టుట మానితిని. ఇప్పుడు పైన తిరుగువానిలో నేది మాదియో చెప్పలేను. నేనును డాబా యెక్కినపుడు వానిలో నేదియు నావైపు దిగి రాలేదు.

ఆ జూలైలో మా అవ్వ కోడిపిల్లలలో నొకటి పట్టపగలు పోయినది. “నేను చెప్పలేదా సారూ, గది మన గద్దే” అని ఆమె నిశ్చయము. కాదనుటకు నాయొద్ద నే యాధారమును లేదు. మన గద్ద యని ఆమె యనుట మాత్రము వింటిని.